తెరచుకొనని తలుపులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఒక ఇంటి తలుపులు ఇరువదియైదు సంవత్సరములుగా వేళ తప్పక తెరచుకొనుచుండుట ఏ గ్రామమునకైనను భాగ్యమే. గ్రంథాలయమనగా ఊరందరికొరకు తెరచియుంచిన ఇల్లు. అట్టి ఇంటి పండుగనాడు మూతపడిన ఇండ్లను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని ఆ మూసిన ఇండ్లకును ఈ తెరచిన ఇంటికిని గల సంబంధమును చూపుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

పాడుబడిన భవనమును చూచినప్పుడు లోనికి తొంగిచూడవలెనను కోరిక బాలురకే గాక పెద్దలకును కలుగును. ఊరి చివరనున్న కూలిన సత్రము, దొరల గడీ, జమీందారుల దివాణము, ముసాఫరు బంగళా, పూడిపోయిన దిగుడుబావి: ఇట్టిది ఏదో ఒకటి లేని గ్రామము అరుదు. దానిలో పామున్నదని కొందరు, దయ్యమున్నదని కొందరు, లంకెబిందెలున్నవని మరికొందరు చెప్పుదురు. ఈ మూడు మాటలలో మొదటిది మాత్రము తరచుగా నిజమగును. అట్టి చోటికి బయలుదేరినవారిలో పెక్కుమంది గడప దాటకయే తిరిగివత్తురు. ఆ వైఫల్యములో సిగ్గుపడవలసినది ఏమియు లేదనియు, దానినుండి నేర్చుకొనవలసినది చాల కలదనియు హైదరాబాదు నగరములోని కొన్ని భవనముల చరిత్ర తెలుపుచున్నది.

ఈ కోరికకు ఈ కాలమున రూపము దిద్దినది చలనచిత్రము. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నేడు నెలవులైన జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములు ఒకప్పుడు పెద్దపెద్ద బండరాళ్ళతో నిండిన గుట్టలు. 1960 దశకములో ఒక సహకార గృహనిర్మాణ సంఘము మూలమున జూబిలీహిల్స్ రూపొందనారంభించెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణా స్టూడియోను ఆరంభించిన నాటికిని ఆ వైపు జనసంచారము స్వల్పమే. మదరాసునుండి పరిశ్రమ క్రమముగా తరలివచ్చిన పిమ్మట ఫిల్మ్‌నగర్ వెలసినది. రామానాయుడు స్టూడియో మొదలైనవి వచ్చినవి.

ఆ స్టూడియోలలో ఎన్నియో పాడుబడిన బంగళాలను కట్టిరి, విప్పిరి. ప్లైవుడ్డు పలకలతో, ప్లాస్టరాఫ్ పారిస్‌తో వడ్రంగులు, రంగులవారు కొద్దిదినములలో నూరేండ్ల శిథిలమును సృష్టింపగలరు. పగుళ్ళు కుంచెతో వేసినవి; బూజు యంత్రముతో చల్లినది. ముందుగోడ యుండును, వెనుక ఇల్లుండదు. 2015లో విడుదలయిన ‘రాజుగారి గది’ యను చిత్రములో టెలివిజను పోటీకొరకు కొందరు యువతీయువకులు ఒక పాత బంగళాలో ప్రవేశింతురు. ఇట్టి చిత్రములను చూచినవారికి, పాత ఇంటి తలుపు తోసినచో కిఱ్ఱుమని తెరచుకొనుననియు, లోపల ఒక రహస్యము తమకొరకే వేచియుండుననియు తోచుట సహజము. వినోదమునకు అది చాలును. కాని ఆ స్టూడియోలకు కొద్దిదూరములోనే నిజముగా మూతపడిన భవనములు కలవు. వాటి తలుపులు అంత సులభముగా తెరచుకొనలేదు.

వానిలో మొదటిది చిరాన్ ప్యాలెస్. జూబిలీహిల్స్, బంజారాహిల్స్ నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి పేర వెలసిన జాతీయవనము సుమారు 350 ఎకరముల అడవి. నగరము నడిబొడ్డున నెమళ్ళు తిరుగు చోటు. ప్రతిదినము వేకువనే వేలకొలది జనులు ఆ వనములోని బాటలవెంట నడచుచుందురు. ఆ అడవిలోపల ఆసఫ్ జాహీ వంశమువారి భవన సముదాయమొకటి కలదు. అందు మోర్ బంగళా, గోల్ బంగళా అనునవి, మోటారు బండ్లకు శాలలు, నీటి తొట్లు ఉండెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణింపగా ఆయన మనుమడు ముకర్రమ్ జా వారసుడయ్యెను. ఆయన జీవితములో అధికభాగము ఆస్ట్రేలియాలోను, తరువాత టర్కీలోను గడచినది. యజమాని దూరదేశమున నుండగా ఇల్లు మూతపడినది. చుట్టునున్న నేల 1990 దశకమున జాతీయవనమైనది. 2023 జనవరి 14న ఆయన ఇస్తాంబులులో మరణింపగా, భౌతికకాయమును హైదరాబాదునకు తెచ్చి మక్కామసీదు ఆవరణలో ఖననము చేసిరి.

ఆ వనములో ఏండ్ల తరబడి నడచినవారిలో ఆ ఇల్లు చూడవలెనని కోరినవారు ఎందరో యుందురు. చూచినవారు మిక్కిలి తక్కువ. కారణము దయ్యము కాదు. భవనము ఒక వంశమువారిది. చుట్టునున్న అడవి ప్రభుత్వ అటవీశాఖది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి జాతీయవనములో అనుమతించిన బాట విడిచి పోరాదు. ఇక నిజాముల ఆస్తులపై వారసుల నడుమ నడచిన వ్యాజ్యములు సుప్రసిద్ధములు. కాపలాదారు "పోరాదు" అని అనుటలో ఇన్ని సంగతులు ఇమిడియున్నవి. పాడుబడిన ఇల్లనగా యజమానిలేని ఇల్లు కాదు. తరచుగా అది యజమానులు మరీ ఎక్కువైన ఇల్లు. ఎవరికి వారు తమదనుటచేతనే ఎవరును మరమ్మతు చేయరు, ఎవరును తాళము తీయరు. గ్రామములలో అన్నదమ్ముల పంపకము తెగని ఇంటికప్పు ఎట్లు కూలునో, రాజుల ఇంటికప్పును అట్లే కూలును.

రెండవది షేక్‌పేట సరాయి. ఇది ఫిల్మ్‌నగర్‌కు సమీపముననే, గోలకొండకు పోవు దారిలో నున్నది. కుతుబ్ షాహీల కాలమున వర్తకులు గుఱ్ఱములతో, ఒంటెలతో వచ్చి ఇచ్చట విడిదిచేయుచుండిరి. రాత్రివేళ కోట ద్వారములు మూసిన పిమ్మట చేరినవారికి ఇదియే ఆశ్రయము. రెండంతస్తుల కట్టడము, సుమారు 30 గదులు, పశువులకు శాలలు, ప్రక్కనే మసీదు. బాటసారులకొరకు కట్టిన ఈ ఇంటిలోనికి నేటి బాటసారి పోలేక చిరకాలము వెలుపలినుండియే చూచి మరలెను. అడ్డుపడినవి ముండ్లపొదలు, చెత్తకుప్పలు, కూలిన మెట్లు. దీనిని బాగుచేయుదుమను ప్రకటనలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. నాలుగు దిక్కుల జనులకు తలుపు తీసిన సరాయి ఇట్లు మూగవోవుట చూచినవారికి, భవనము శత్రువులచేతనే గాక అశ్రద్ధచేతను పడిపోవునని అర్థమగును.

అశ్రద్ధ ఎట్లు పనిచేయునో కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరము. ఏలనన లోనికి పోనీయకుండుటకు అసలు కారణము అందే యున్నది. మూతపడిన మేడపై మొట్టమొదట పూడుకొనునది వాననీటి తూము. ఎండుటాకులు తూమునకు అడ్డుపడగా నీరు మిద్దెమీద నిలుచును. పక్షులు వేసిన రెట్టలోని రావి గింజ, మఱ్ఱి గింజ ఆ తేమలో మొలచి, వేళ్ళు సున్నపు అతుకులలోనికి దిగి రాళ్ళను విడదీయును. పాత మిద్దెలు పెక్కు టేకు దూలములమీద సన్నని ఇటుకలను సున్నముతో నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కలు, సున్నము దిమ్మిసకొట్టి చేసినవి. మద్రాసు టెర్రేసు అని వానికి పేరు. వీనిలో దూలపు మధ్యభాగము గట్టిగానే కనబడును. గోడలోపల దాగియున్న దూలపు కొనలు మాత్రము చెమ్మకు, చెదలకు లోబడి పొడియైపోవును. కావున క్రిందినుండి చూచువానికి కప్పు దృఢముగా తోచును. ఒక మనిషి బరువు పైనబడిన క్షణమున కూలును. గడ్డి కప్పిన బావి, నేలలోని ధాన్యపు పాతర, మెట్లు కానరాని నేలమాళిగ ఇట్టివే. నేలమాళిగలలో గాలి ఆడకపోవుటయు ప్రాణాంతకమే. "పాడుబడిన ఇంట దయ్యమున్నది" అని మన పెద్దలు పిల్లలకు చెప్పినది అబద్ధమైనను, ఆ అబద్ధము వెనుక ప్రాణరక్షణ యుండెను.

ఇక కాపలాను లెక్కింపక ప్రవేశింప యత్నించినవారి సంగతి. దయ్యపు ఇండ్లని పేరుపడిన గృహములవద్దకు అర్ధరాత్రి యువకులు గుంపులుగా చేరుట, ఇరుగుపొరుగువారు విసిగి మొరపెట్టుట, పోలీసులు వచ్చి పంపివేయుట నగరములో పలుమారులు జరిగినవి. వారు చరవాణిలో చిత్రించి తెచ్చినది చీకటి, తమ కేకలు మాత్రమే. దయ్యపు ఇల్లని లోకులు పిలుచునది చాలసారులు ఏదో ఒక కుటుంబపు దుఃఖము. అకాలమరణమో, అప్పుల బాధయో, అనాథలైన వృద్ధుల ఒంటరితనమో ఆ ఇంటిని మూయించియుండును. అట్టి చోటును వినోదముగా చూచుటకు పోవుట మర్యాద కాదు.

నిధికొరకు పోయినవారు ఇంకను ఎక్కువ నష్టము కలిగించిరి. తెలుగుదేశమంతట గుప్తనిధుల భ్రాంతితో పెకలింపబడిన నందులకు, త్రవ్వబడిన గర్భగుడులకు లెక్కలేదు. అధికారులు సైతము ఈ భ్రాంతికి లోనైన సందర్భము కలదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ అను గుట్టమీద ఒక పాఠశాల ఆవరణలో సొరంగమున్నదనియు, అందు ధనమున్నదనియు వచ్చిన కబురును నమ్మి 2013 ఆరంభమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు సాగించిరి. నగరమంతయు ఆ వార్తను ఆసక్తితో చదివెను. నిధి కానరాలేదు. కానవచ్చియున్నను త్రవ్వినవారిది కాజాలదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము నేలలో పదిరూపాయల విలువకు మించిన నిక్షేపము ఎవరికి దొరికినను కలెక్టరునకు తెలుపవలసియున్నది.

అట్లయినచో మూసిన తలుపుముందు నిలిచినవాడు చేయదగినది ఏమి? రిక్తహస్తములతో ఇంటికి మరలుటయేనా? ఈ ప్రశ్నకు కోఠిలోని రెసిడెన్సీ భవనము చక్కని సమాధానము చెప్పును. 1800 తరువాతి సంవత్సరములలో బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ ఆకిలిస్ కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించెను. ఆయన హైదరాబాదు కులీన వంశజురాలైన ఖైరున్నీసాను పెండ్లాడెను. ఘోషాపాటించు ఆమె ఆ మహాభవనపు ముందుభాగమును చూచుటకు వీలులేనందున, అంతఃపుర ఉద్యానములో దానికి చిన్న నమూనాను కట్టించి చూపెనని ఒక కథ కలదు. కథ ఎట్లున్నను నమూనా మాత్రము శిథిలమై కాలమునకు నిలిచినది. ప్రవేశము లేని ఇంటిని చూచుటకు వేరొక మార్గముండునని ఆ నమూనా తెలుపుచున్నది.

1949 తరువాత ఆ భవనము మహిళా కళాశాలకు నెలవయ్యెను. కాలక్రమమున కప్పు శిథిలమై, విద్యార్థినులు అందు పోరాదని తలుపులు మూసిరి. తమ కళాశాల నడుమనే యున్న ఆ దర్బారు మందిరమును చూడకుండగనే పెక్కు తరముల బాలికలు పట్టము పుచ్చుకొనిపోయిరి. 2002లో ప్రమాదస్థితిలోనున్న ప్రపంచ కట్టడముల పట్టికలో దానిపేరు చేరినది. కొలతలు తీయుట, పాతచిత్రములు వెదకుట, దూలమునకు దూలము మార్చుట అను పనులు సాగి, మరమ్మతులు ముగియువరకు 2023 వచ్చినది. గోడ దూకినవాడు ఒక్కరాత్రిలో చేయదలచిన పనికి శిల్పులకు, ఇంజనీర్లకు ఇరువది సంవత్సరములు పట్టినది. కాని గోడ దూకినవాడు తనకొక్కనికి తలుపు తెరువజూచెను. వీరు అందరికిని తెరచిరి.

లోపల ప్రవేశింప ఎన్నటికిని వీలుకాని ఇండ్లును కొన్ని యుండును. అట్టిదానికి ఫిల్మ్‌నగర్ తానే ఒక ఉదాహరణము నీయగలదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వము వహించిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటియు నేడు లభ్యము కాదు. ఇన్ని స్టూడియోలు గల పరిశ్రమ తన మొదటి ఇంటిలో అడుగిడజాలదు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయినదని దీర్ఘకాలము నమ్మిరి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలలోని ప్రకటనలను, సెన్సారు వివరములను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయినదని నిరూపించెను. సినిమా పోయినది, దాని జాడ కాగితములలో మిగిలినది. ఎవరో ఒక గ్రంథాలయములో పాత పత్రికలను చించక, అమ్మక, కట్టగట్టి దాచుటచేతనే గదా అట్టి శోధన సాధ్యమగుట!

ఈ మార్గము మన దేశమునకు క్రొత్తది కాదు. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట కల్నల్ మెకంజీ వద్ద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూర తిరిగి కరణములనుండి, వృద్ధులనుండి గ్రామ చరిత్రలను సేకరించిరి. అవియే కైఫీయతులు. నాటి కోటలు, గుడులు పెక్కు నేడు లేవు, కైఫీయతులున్నవి. తెలంగాణములో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయముల నీడలో పెరిగిన పండితులు, లక్ష్మణరాయ పరిశోధక మండలి పక్షమున రాళ్ళమీది వ్రాతలను సేకరించి ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించిరి. వారు తలుపులు పగులగొట్టలేదు. గుడి ముందున్న రాతిని కడిగి, కాగితమద్ది, చదువుకొనిరి.

వ్రాతబలము ఒకొకప్పుడు భవనమునే కాపాడును. 2019లో ప్రభుత్వము శాసనసభకు క్రొత్త భవనము కట్టుటకై హైదరాబాదులోని ఎఱ్ఱమంజిల్ ప్యాలెసును తొలగింప సంకల్పించినది. నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన ఆ మేడ వారసత్వ కట్టడముల పట్టికలో ఒకప్పుడు చేరియుండెను. ఆ ఆధారము చూపి పౌరులు హైకోర్టునకు పోగా, సెప్టెంబరులో న్యాయస్థానము ప్రభుత్వ నిర్ణయమును కొట్టివేసినది. పట్టికలో పేరెక్కని భవనమునకు ఎవరు సాక్ష్యమిత్తురు?

ఇచ్చటనే ఈ గ్రంథాలయమునకు, ఇట్టి గ్రామ గ్రంథాలయములన్నిటికిని సంబంధించిన పని కలదు. ఊరిలోని సత్రము ఏ పట్టికలోను లేదు. దానిని ఎవరు కట్టించిరో తెలిసినవారు నేడు ఎనుబది దాటినవారు. కప్పు కూలుటకు పది వర్షకాలములు పట్టవచ్చును. ఆ వృద్ధుని జ్ఞాపకము అంతవరకు ఆగునని నమ్మకము లేదు. ముందుగా కూలునది ఇల్లు కాదు, ఇంటిని గూర్చిన మాట.

కావున గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకము ఉంచవలెను. ఊరిలోని ప్రతి పాత కట్టడమునకును అందు రెండుమూడు పుటలు కేటాయింపవలెను. కట్టించినవారు, ఉపయోగము, కడపట నివసించినవారు, మూతపడిన కారణము, నేటి హక్కుదారులు వ్రాయవలెను. పహాణీ, సేత్వార్, అడంగల్ వంటి రెవిన్యూ కాగితములు చూచి సర్వే నంబరు చేర్చవలెను. బాలురు పగటివేళ, హక్కుదారుల అనుమతితో, పెద్దల వెంట పోయి వెలుపలి గోడలను అడుగులతో కొలచి పటము గీయవచ్చును. వాకిటి చెక్కడములను, శిలాఫలకములను ఛాయాచిత్రము తీయవచ్చును. అనుమతి దొరకనిచో ఆ మాటయు తేదీతో వ్రాయవలెను: "ఫలానా దినమున పోతిమి, లోనికి పోనీయలేదు, వెలుపల చూచినది ఇది." ఈ వాక్యమును వ్యర్థమని తలపరాదు. ఏబది ఏండ్ల తరువాత ఆ గోడ లేనప్పుడు, అది యుండెననుటకు ఆ వాక్యమే సాక్ష్యమగును.

వృద్ధులవద్ద చెప్పించుకొనునప్పుడు ఒకరి మాట మరొకరి మాటతో పొసగకపోవచ్చును. ఒకరు సత్రమును కోమట్లు కట్టించిరందురు, మరొకరు దొరలందురు. రెండును, చెప్పినవారి పేర్లతో, వారి సమ్మతితో వ్రాయవలెను. ఏది నిజమో తేల్చుటకు తొందరపడరాదు. దానిని తేల్చు కాగితము ఎప్పుడైన దొరకవచ్చును. దయ్యముల కథలు చెప్పినను వ్రాయవలెను, అవి కథలని పేర్కొనుచు. ఊరు ఏమి భయపడినదో తెలుపుటయు చరిత్రయే.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించినవారు ఇతరులు వ్రాసిన పుస్తకములను ఊరికి తెచ్చిరి. రాబోవు ఇరువదియైదేండ్లలో ఊరు తానే వ్రాసిన పుస్తకమొకటి ఈ బీరువాలో చేరవలెను. స్వర్ణోత్సవమునాటికి ఆ సత్రము నిలిచియుండునో లేదో చెప్పలేము. పుస్తకము నిలిచియుండుట మాత్రము ఈ సభలోనివారి చేతిలో నున్నది. పని ప్రారంభించుటకు వలసినవి ఒక దళసరి పుస్తకము, ఒక కలము, రేపటి ఉదయమున ఒక వృద్ధుని అరుగుమీద కూర్చుండుటకు ఒక గంట తీరిక.